ప్లంబరు వచ్చేలోగా: పగిలిన పైపు, మొరాయించిన గీజరు, పూడిన జాలీ

అర ఇంచి పైపు విరిగితే నిమిషానికి సుమారు 15 నుంచి 20 లీటర్ల నీళ్ళు పోతాయి. మేడ మీద 1000 లీటర్ల ట్యాంకు గంటలో అడుగంటుతుంది. ప్లంబరు ఫోనెత్తి, విశాఖ ఆ చివర గోపాలపట్నంలో చేస్తున్న పని వదిలి, ఎన్‌ఏడీ జంక్షన్ దాటి మీ సీతమ్మధార ఇంటికి చేరేసరికి ఆ గంట ఎలాగూ అయిపోతుంది. కాబట్టి అతకడం అతని పని, ఆపడం మీ పని. ఏ వాల్వు కట్టాలో తెలియకే జనం హాల్లో చీపురు పట్టుకుని నీళ్ళు తోస్తుంటారు.

విశాఖలో దీనికి రెండు తిరకాసులు తోడవుతాయి. బయట ఉప్పు గాలి, లోపల బోరు నీళ్ళు. ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే, పెదవాల్తేరు, రుషికొండ వైపు ఇళ్ళలో ఇనుప క్లాంపులు, వాల్వు పిడులు, గీజరు వేలాడే బోల్టులు తుప్పు పట్టి పొరలు పొరలుగా రాలతాయి. బోరు నీళ్ళు వాడే అపార్టుమెంట్లలో కుళాయి మూతి దగ్గర మొదలై గీజరు కడుపు దాకా తెల్లటి సున్నం గడ్డకడుతుంది. కింద చెప్పే మరమ్మతుల్లో సగం ఈ రెంటి వల్ల వచ్చేవే.

ఏమీ పాడవకముందే ఒకసారి మేడెక్కండి

ట్యాంకు కింది నుంచి రెండో మూడో లైన్లు దిగుతాయి. ఒకటి వంటింటికి, ఒకటి బాత్రూములకు, కొన్ని ఇళ్ళలో గీజర్లకు వేరేగా ఒకటి. ఒక్కో వాల్వు కట్టి, కింద ఎవరినైనా కుళాయిలు తిప్పి చూడమనండి. ఏది కడితే ఏది ఆగిందో తేలాక ఆ పైపు మీద రంగుతో రాసేయండి. మార్కరు ఎండకు వెలిసిపోతుంది, ఆయిలు పెయింటు నిలుస్తుంది. అపార్టుమెంటైతే మీ ఫ్లాటు వాల్వు పైపులు దిగే డక్టులోనో, బాత్రూము అటక మీదో ఉంటుంది. దాని ముందు పాత సామాన్ల అట్టపెట్టెలు పేర్చకండి.

గుండ్రటి పిడి ఉన్నది గేటు వాల్వు, నాలుగైదు చుట్లు తిప్పితే గానీ మూయదు. పొడుగు పిడిది బాల్ వాల్వు, పావు చుట్టు చాలు. పిడి పైపుకు అడ్డంగా ఉంటే మూసినట్టు, పైపు వెంట ఉంటే తెరిచినట్టు. ఏ వాల్వునైనా మూడు నెలలకోసారి కట్టి తెరవండి. గేటు వాల్వును పూర్తిగా తెరిచాక పావు చుట్టు వెనక్కి తిప్పి వదలండి, బిగుసుకుపోదు. ఏళ్ళ తరబడి ముట్టనిది బిగుసుకుంటే రెంచితో ఒక్క ఊపున తిప్పకండి. కాడ దగ్గర నాలుగు చుక్కల నూనె వేసి, పావుగంట ఆగి, అటూ ఇటూ కొద్దికొద్దిగా కదపండి. మొండిగా తిప్పితే లోపల కాడ విరుగుతుంది, ఇక ఆ వాల్వు ఉన్నా లేనట్టే.

అంతదాకా వచ్చి, కింద నీళ్ళు పోతూ ఉంటే ట్యాంకు లోపలి నుంచే బిరడా కొట్టొచ్చు. పాత తువ్వాలును నిమ్మకాయ కన్నా పెద్దగా, ఆ పైపు నోటికి కొంచెం మించేలా గట్టిగా ఉండ చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, మెడ దగ్గర తాడు కట్టండి. తాడు రెండో కొసను ట్యాంకు బయట దేనికైనా ముడేయండి. ఉండను పైపు నోటి దగ్గరకు తీసుకెళితే నీటి ఒత్తిడే దాన్ని లోపలికి లాగి బిగిస్తుంది. తాడు ముఖ్యం. అది లేకపోతే గుడ్డ పైపులోకి జారి, మరో కొత్త పని తెచ్చిపెడుతుంది. మేడ గచ్చు తడిగా ఉంటే, చీకటిగా ఉంటే ఒంటరిగా ఎక్కొద్దు.

నీళ్ళు చిమ్ముతున్నప్పుడు వరస

1. స్విచ్ బోర్డు మీదకో, ఫ్రిజ్ ప్లగ్గు వైపో నీళ్ళు పోతుంటే ముందు మెయిన్ కట్టేయండి. మెయిన్ బోర్డే తడిసిందా, నీళ్ళలో నిలబడి దాన్ని ముట్టుకోవద్దు. బయటికొచ్చి 1912కి ఫోన్ చేయండి.

2. ఆ లైను వాల్వు కట్టండి. సింకు కింద, కమోడు పక్కన, వాష్‌బేసిన్ కింద లీకైతే అక్కడే గోడకుండే చిన్న వాల్వు, యాంగిల్ కాక్ కడితే చాలు, ఇల్లంతా ఆపక్కర్లేదు.

3. మోటారు స్విచ్ తీసేయండి. దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు. ఆటోమేటిక్ కంట్రోలరు ఉన్న ఇంట్లో ట్యాంకు తగ్గగానే మోటారు దానంతట అదే లేస్తుంది. పైన ట్యాంకు పోయింది చాలక సంపు కూడా హాల్లోకి వచ్చేస్తుంది.

4. గీజరు కట్టేయండి. లైను ఖాళీ అయ్యాక అది ఎండుగా కాలకూడదు.

5. ఆ లైన్లో అన్నిటికన్నా కిందున్న కుళాయి తిప్పి, పైపులో మిగిలిన నీళ్ళను బకెట్లలోకి వంచేయండి. గోడలో కారేది సగానికి సగం తగ్గుతుంది.

సంపుకు వచ్చే మున్సిపాలిటీ లైను పగిలితే ట్యాంకు వాల్వులతో ఏం లాభం ఉండదు. మీటరు దగ్గరో, గేటు పక్క గుంటలోనో స్టాప్ కాక్ ఉంటుంది, అది కట్టాలి. దానికి ముందే, రోడ్డు వైపు పగిలితే మీ చేతిలో లేదు, మున్సిపాలిటీ వాళ్ళకు చెప్పండి.

రాత్రి గడవడానికి

పైపుకు సూదిబెజ్జం పడినా, సన్నగా చీలినా సైకిలు ట్యూబు చాలు. రెండు వేళ్ళ వెడల్పు, మూర పొడవు ముక్క కోయండి. చీలికకు నాలుగు వేళ్ళు ఇవతల మొదలుపెట్టి, ప్రతి చుట్టు ముందు చుట్టులో సగాన్ని కప్పేలా, రబ్బరు సన్నబడేంత లాగి చుట్టుకుంటూ చీలికకు నాలుగు వేళ్ళు అవతల దాకా వెళ్ళండి. దాని మీద రెండు హోస్ క్లిప్పులు స్క్రూడ్రైవరుతో బిగించండి. వాల్వు సగమే తెరిచి చూడండి. చెమ్మ కారకపోతే ఒకట్రెండు రోజులు నడుస్తుంది.

ఎంసీల్ పెట్టే పద్ధతి వేరు. నీళ్ళు కారుతున్న పైపు మీద అది పట్టదు, ఎంత రుద్దినా జారిపోతుంది. లైను పూర్తిగా వంచి, పైపు తుడిచి, ఉప్పు కాగితంతో గరుకు చేసి, రెండు ముద్దలూ సమానంగా తీసుకుని రంగు ఒకటయ్యేదాకా పిసకండి. చారలు కనిపిస్తే ఇంకా కలవలేదన్నమాట. పెట్టాక గంటన్నర దాకా నీళ్ళు వదలొద్దు, తెల్లవారేదాకా ఆగితే మరీ మంచిది.

కుళాయి విరిగి, దాని మరలు గోడలోని ఎల్బోలోనే (పైపు వంపు ముక్కలోనే) ఉండిపోవడం పాత ఇళ్ళలో తరచూ చూసేదే. విరిగిన ముక్కలోకి చదును ఆకురాయి వెనక కొసను సుత్తితో మెల్లగా దిగ్గొట్టి, రెంచితో ఎడమ వైపుకు తిప్పితే ముక్క మరతో సహా ఊడొస్తుంది. ఆ బెజ్జంలో టెఫ్లాన్ టేపు చుట్టిన అర ఇంచి ఎండ్ ప్లగ్గు బిగించి వాల్వు తెరిచేయండి. కొత్త కుళాయి తీరిగ్గా కొనుక్కోవచ్చు. టీ డబ్బు పాటి ఖరీదు చేసే ఈ ప్లగ్గులు ఇంట్లో రెండు ఉంచుకోండి, రాత్రి పదకొండింటికి ఏ షాపూ తెరిచి ఉండదు.

టేపు చుట్టడంలోనే చాలా లీకులు పుడతాయి. మర కొస మీ వైపు ఉండేలా పట్టుకుని, గడియారం ముల్లు తిరిగే వైపుకు, లాగి పట్టి, 10 నుంచి 12 చుట్లు చుట్టండి. ఎదురు చుడితే బిగించేటప్పుడు టేపు ముడతపడి బయటికొస్తుంది. కుళాయి వంకరగా ఆగిందని వెనక్కి తిప్పితే ఖాయంగా కారుతుంది. విప్పి, పాతది పీకి, మళ్ళీ చుట్టడమే. ప్లాస్టిక్ మరల్లో ఇత్తడి కుళాయిని బలం కొద్దీ బిగించినా ఫిట్టింగు నిలువునా చీలుతుంది. చేత్తో ఆగినంత తిప్పి, ఆపైన రెంచితో ఒక చుట్టు, మహా అయితే చుట్టున్నర.

పగిలిన సీపీవీసీ (వేడి నీళ్ళు తట్టుకునే ప్లాస్టిక్ పైపు) ముక్క మార్చాలంటే అదే సైజు పైపు, పైపుల్ని కలిపే కప్లింగులు రెండు, అతికించే సీపీవీసీ సొల్యూషన్ తెచ్చుకోండి. చన్నీళ్ళ పైపులకు వాడే యూపీవీసీ సొల్యూషన్ దీనికి పనికిరాదు. పాడైన భాగాన్ని హ్యాక్సాతో నిటారుగా కోసి, అంచు గరుకు గీకి, పైపు బయటా కప్లింగు లోపలా పల్చగా రాసి, పావు చుట్టు తిప్పుతూ లోపలికి తోసి అర నిమిషం అలాగే పట్టుకోండి. వదిలేస్తే పైపు వెనక్కి జరుగుతుంది. అతుకు దగ్గరకు ఒక్క చుక్క నీళ్ళు దిగినా పట్టు పోతుంది, అందుకే లైను పూర్తిగా వంచమన్నది. రెండు గంటలు ఆగి నీళ్ళు వదలండి. వేడి నీళ్ళను మాత్రం రేపటిదాకా పోనివ్వకండి. అన్నట్టు, గీజరు నుంచి వచ్చే లైన్లో ఎవరైనా తెల్ల యూపీవీసీ పైపు వేసి ఉంటే అది వేడికి మెత్తబడి వంగుతుంది, ఏదో రోజు అతుకు ఊడుతుంది. ఈ తప్పు కొత్త ఇళ్ళలో కూడా కనిపిస్తుంది.

కమోడు పక్కనుండే చేతి స్ప్రే, అదే హెల్త్ ఫాసెట్, దాని గొట్టం కూడా ఉన్నట్టుండి పగిలే రకమే. తుపాకీ మీట వదిలేస్తే నీళ్ళు ఆగుతాయి గానీ గొట్టంలో ఒత్తిడి రాత్రింబవళ్ళు అలాగే ఉంటుంది. ఊరెళ్ళేటప్పుడు దాని యాంగిల్ కాక్ కట్టి వెళ్ళండి.

గీజరు

ముందు ఒక లెక్క. 2000 వాట్ల గీజరు 15 లీటర్ల నీళ్ళను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి 18 నిమిషాలు పడుతుంది. 25 లీటర్లదైతే అరగంట. మన ఊరి చలికాలానికి ఇది చాలు. దీనికన్నా బాగా ఎక్కువసేపు పడుతోందంటే లోపల ఏదో జరుగుతోంది. 60 డిగ్రీలు దాటించి పెట్టడం కూడా తెలివైన పని కాదు, బోరు నీళ్ళలోని సున్నం వేడి పెరిగేకొద్దీ ఎక్కువగా ఎలిమెంటుకు పేరుకుంటుంది.

2000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, 3000 వాట్లది 13. కాబట్టి 16 ఆంపియర్ల సాకెట్టే ఉండాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సుతో పని నడపొద్దు. సాకెట్టు బెజ్జాలు నల్లబడినా, ప్లగ్గు చేతికి కాలినా లోపల వైరు వదులైందని అర్థం. ఆ సాకెట్టు మార్చేదాకా గీజరు వేయకండి.

లైటు వెలుగుతోంది గానీ నీళ్ళు వేడెక్కడం లేదంటే థర్మోస్టాట్ (వేడి చాలగానే కరెంటు ఆపేది) గానీ ఎలిమెంటు గానీ పోయింది. మల్టీమీటరు వాడటం తెలిసినవాళ్ళు బోర్డులోని గీజరు ఎంసీబీ స్విచ్ కట్టి, ప్లగ్గు తీసి, ఎలిమెంటు వైర్లు విప్పి రెండు కొసల మధ్య ఓమ్‌లు చూడండి. 2000 వాట్లదైతే సుమారు 26, 3000 వాట్లదైతే సుమారు 17 లేదా 18 చూపాలి. ముల్లు కదలకపోతే ఎలిమెంటు కాలిపోయింది. లెక్క సరిగ్గా ఉంటే థర్మోస్టాటో, వేడి మితిమీరితే కరెంటు తెంచే పక్కనున్న కటౌటో చూడాలి. ఎలిమెంటు కొసకూ గీజరు బాడీకీ మధ్య ఏ కొంచెం కనెక్షన్ చూపినా ఆ ఎలిమెంటు వెంటనే మార్చాల్సిందే, వేడి బాగా చేస్తున్నా సరే.

స్విచ్ వేయగానే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్) పడిపోతోందంటే అది చెప్పేదీ ఇదే. కొందరు ఎలక్ట్రీషియన్లు 'ఊరికే పడుతోందండీ' అని దాన్ని బైపాస్ చేసి పోతారు. ఆ పని చేయనివ్వకండి. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పడిపోవడమంటే మీకు తగలబోయే షాకును అది ముందే ఆపిందన్నమాట. కుళాయి ముట్టుకుంటే చేయి జిలజిలమన్నా అంతే. నీళ్ళు ముట్టకుండా, పొడి చెప్పులతో వెళ్ళి ఎంసీబీ కట్టేయండి. ఎర్తింగ్ చూపించాకే మళ్ళీ వేయాలి.

కారుతోందంటే ఎక్కడి నుంచో చూడండి. చన్నీళ్ళ గొట్టం, వేన్నీళ్ళ గొట్టం బిగించిన నట్ల దగ్గరైతే వాషరు మారిస్తే సరి. చన్నీళ్ళ వైపు, నీలం రింగు ఉన్నచోట సేఫ్టీ వాల్వు ఉంటుంది. గీజరు వేడెక్కే వేళ అందులోంచి బొట్లు పడితే కంగారు వద్దు. 15 లీటర్లు వేడెక్కి వ్యాకోచిస్తే పావు లీటరు దాకా ఎక్కువవుతాయి, అవి వెనక్కి పోవడానికి లేక ఇక్కడి నుంచి బయటపడతాయి. స్విచ్ తీసేశాక కూడా ఆగకుండా కారుతుంటే వాల్వులో సున్నం ఇరుక్కుంది, లేదా మీ ఇంటి ఒత్తిడి ఎక్కువగా ఉంది. పది మీటర్ల ఎత్తుకు ఒక బార్ చొప్పున, పదంతస్తుల భవనం కింది ఫ్లాటుకు సుమారు మూడు బార్ ఒత్తిడి వస్తుంది. ప్రెషర్ పంపు ఉంటే దానిదీ కలపాలి. గీజరు రేటింగ్ ప్లేటు మీద ఎన్ని బార్ తట్టుకుంటుందో రాసి ఉంటుంది, చూసి పోల్చుకోండి.

బొట్లు పడుతున్నాయని ఆ వాల్వుకు ఎంసీల్ పెట్టి మూసేసిన ఇళ్ళున్నాయి. థర్మోస్టాట్ ఇరుక్కుపోయిన రోజు లోపలి ఆవిరికి దారి ఉండదు, గీజరు బాంబులా పేలుతుంది. కుళాయిలోంచి ఆవిరితో కలిసి సలసల కాగే నీళ్ళు వస్తుంటే థర్మోస్టాట్ పట్టేసినట్టే. ఎంసీబీ కట్టి, బాత్రూము తలుపు వేసి, రెండు గంటలు ఎవరినీ అటు పోనివ్వకండి.

ఇక గీజరు అడుగు నుంచి, తుప్పు రంగుతో కారుతుంటే లోపలి ట్యాంకే తూట్లు పడింది. దానికి అతుకు లేదు. ఎవరైనా వెల్డింగ్ చేస్తామంటే నమస్కారం పెట్టి పంపేయండి.

సున్నం వదిలించడం ఏడాదికోసారి, బోరు మరీ ఉప్పగా ఉంటే ఆరు నెలలకోసారి చేయాలి. సెగ మీద ఖాళీ గిన్నె చిటపటలాడినట్టు గీజరు లోపల చప్పుడు వస్తుంటే ఆ టైము వచ్చేసింది. ఎంసీబీ కట్టి, నీళ్ళు చల్లబడ్డాక చన్నీళ్ళ లైను కట్టండి. వేడి కుళాయి తెరిచి పెడితే పై నుంచి గాలి ఆడుతుంది. సేఫ్టీ వాల్వు మీట ఎత్తి, గొట్టం పెట్టి బకెట్లోకి వంచండి. వైర్లు ఏది ఎక్కడుందో ఫోనులో ఫొటో తీసుకుని విప్పండి. ఎలిమెంటును పట్టి ఉంచే ఫ్లాంజి (గుండ్రటి పళ్ళెం) నట్లు తీస్తే ఎలిమెంటు, దాంతోపాటే యానోడ్ రాడ్డు బయటికొస్తాయి. లీటరు గోరువెచ్చని నీళ్ళలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి ఎలిమెంటును గంటసేపు నానబెట్టి, గుడ్డతో రుద్దండి. కరెంటు కొసలు తడవకూడదు. కొట్టి రాల్చొద్దు, బాత్రూము యాసిడ్ అసలు వద్దు. సున్నంతో పాటు రాగినీ తినేస్తుంది. ట్యాంకు అడుగున చేరిన పొడిని చేత్తో తీసి, కొంచెం నీళ్ళు వదిలి కడగండి.

యానోడ్ రాడ్డు మెగ్నీషియంది. ట్యాంకు ఉక్కుకు బదులు తాను కరిగిపోవడమే దాని ఉద్యోగం. సగానికి సన్నబడిందంటే మార్చేయండి, లేదంటే మరుసటి ఏడు కరిగేది ట్యాంకే. మళ్ళీ బిగించేటప్పుడు కొత్త గ్యాస్కెట్ వేయండి. నట్లను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగిస్తూ రండి. ఒక వైపు ముందే బిగిస్తే రెండో వైపు నుంచి కారుతుంది. నీళ్ళు నింపి, వేడి కుళాయిలో గాలి తుళ్ళింతలు ఆగి ధార సమంగా వచ్చాకే కరెంటు ఇవ్వండి.

ఈ చివరి మాట తుపాను రోజులకు కూడా వర్తిస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు ఆడలేదు, ట్యాంకులు ఎండాయి. అలా ఎండిన ట్యాంకు మళ్ళీ నిండాక కొన్ని కుళాయిల్లో, ముఖ్యంగా వేన్నీళ్ళ వైపు, నీళ్ళు రావు. పైపు వంపులో గాలి ఇరుక్కుంటుంది. ఒక గొట్టం ముక్కను నీళ్ళు జోరుగా వస్తున్న కుళాయికీ, రాని కుళాయికీ తగిలించి, రెండూ తెరిచి అర నిమిషం ఉంచండి. గాలి వెనక్కి, ట్యాంకులోకి పోతుంది. ఇది తేలకుండా గీజరు స్విచ్ వేస్తే ఎండు ఎలిమెంటు నిమిషాల్లో కాలిపోతుంది. తుపాను హెచ్చరిక రాగానే ట్యాంకు నిండా నింపి పెట్టండి. నీళ్ళూ మిగులుతాయి, టన్ను బరువుతో ట్యాంకూ కదలదు.

సముద్రం వైపు ఇళ్ళవాళ్ళు గీజరు వేలాడే బోల్టులను ఏడాదికోసారి టార్చితో చూడండి. నీళ్ళతో కలిపి 25 లీటర్ల గీజరు 35 కిలోల పైమాటే, అది ఉండేది మీ తల మీద. తుప్పు పొరలు లేచి ఉంటే స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు వేయించండి.

గ్యాస్ గీజరు ఉన్నవాళ్ళకు ఒక్కటే. అది మూసిన బాత్రూములో ఉండకూడదు, బయట గాలి ఆడే చోట పెట్టించి, వేన్నీళ్ళను పైపుతో లోపలికి తెచ్చుకోండి. మంట వల్ల వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. స్నానం చేస్తుండగా తల తిరిగితే గీజరు కట్టడం కోసం ఆగకుండా ముందు బయటికి రండి.

పూడిన జాలీలు, సింకులు

ముందు ఎంతవరకు పూడిందో తేల్చండి. ఒక్క సింకో ఒక్క బాత్రూమో నెమ్మదిగా దిగుతుంటే పూడిక అక్కడే ఉంది. వాషింగ్ మెషిన్ నీళ్ళు వదిలినప్పుడు కమోడు గుడగుడమంటే, బాత్రూము జాలీలోంచి నురగ పైకొస్తే మెయిన్ లైను పూడింది. ఇంటి బయట మొదటి ఛాంబరు మూత ఎత్తి చూడండి. నిండా ఉంటే తప్పు దాని అవతల, ఖాళీగా ఉంటే ఇంటికీ ఛాంబరుకీ మధ్య. ఈ ఒక్క చూపుతో ప్లంబరుకు గంట పని తగ్గుతుంది, మీకు కూలి తగ్గుతుంది.

వంటింటి సింకులో పేరుకునేది నూనె. దానికి గంజి, టీ పొడి, కొబ్బరి పీచు తోడవుతాయి. ఆదివారం చేప ముక్కలు సింకులోనే కడిగే ఇళ్ళలో పొలుసులూ, రొయ్యల పొట్టూ ఆ నూనెలో గుచ్చుకుని వలలా అల్లుకుంటాయి. దాన్ని తీయడానికి సింకు కింద బకెట్టు పెట్టి, బాటిల్ ట్రాప్ (సింకు కింద సీసాలా వేలాడే ముక్క) అడుగు కప్పును చేత్తో ఎడమకు తిప్పి విప్పండి. ముందు దుర్వాసనకు సిద్ధపడండి. కప్పులోది డస్ట్‌బిన్‌లోకి గీకి, రబ్బరు వాషరు ఎటు తిరిగి ఉందో చూసుకుని అలాగే పెట్టి, చేతి బిగువుతో బిగించండి. ట్రాప్ శుభ్రంగానే ఉంటే పూడిక గోడ పైపులో ఉంది. అక్కడి నుంచి డ్రెయిన్ స్ప్రింగును గడియారం వైపుకు తిప్పుతూ తోయండి. అడ్డం తగిలినచోట ముందుకు గుద్దకుండా, తిప్పుతూ కొంచెం వెనక్కి లాగితే చుట్టుకున్నది బయటికొస్తుంది. ఐదు మీటర్ల స్ప్రింగు ఇళ్ళకు సరిపోతుంది.

ప్లంజరు (రబ్బరు గిన్నె ఉన్న కర్ర) వాడేటప్పుడు సింకులో రబ్బరు మునిగేంత నీళ్ళుండాలి, పక్కనున్న ఓవర్‌ఫ్లో బెజ్జాన్ని తడిగుడ్డతో మూయాలి. లేదంటే గాలి అటునుంచి పోయి మీ చేతులు నొప్పి పుట్టడం తప్ప ఏమీ ఉండదు. 15, 20 సార్లు తోసి, చివరిసారి ఒక్కసారిగా లాగండి.

మరిగే గంజిని సింకులోకి వంచే అలవాటు మానండి. పీవీసీ పైపు 75, 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, అతుకులు వదులవుతాయి. చేయి పెట్టలేనంత వేడి చాలు, మరిగేవి అక్కర్లేదు. వారానికోసారి అలాంటి వేన్నీళ్ళు బకెట్టు, రెండు గుప్పిళ్ళ బట్టల సోడా వేసి పోస్తే నూనె పేరుకోదు. వంట సోడా, వెనిగరు కలిపి పోయమని ఇంటర్నెట్ నిండా చెబుతారు. బాగా పొంగుతుంది, చూడ్డానికి బాగుంటుంది, కానీ ఒకదాన్నొకటి చంపుకుని మిగిలేది దాదాపు ఉప్పు నీళ్ళే.

బాత్రూములో జుట్టూ సబ్బూ. జాలీ ఎత్తి, లోపల బోర్లించి ఉన్న కప్పును తీసి, ఇనుప తీగ కొసను కొక్కెంలా వంచి జుట్టు లాగండి. కప్పు మళ్ళీ పెట్టడం మరవొద్దు. నీళ్ళు తొందరగా పోతాయని దాన్ని తీసి పారేసేవాళ్ళకు ఆ తర్వాత బొద్దింకలూ కంపూ తప్పవు. ఆ కప్పు చుట్టూ నిలిచే రెండంగుళాల నీళ్ళే మురుగు వాసనకు అడ్డు. వాడని బాత్రూములో ఆ నీళ్ళు ఎండిపోతాయి. వారానికో మగ్గు నీళ్ళు పోయండి. ఊరెళుతుంటే పైన చెంచాడు నూనె వేస్తే ఆవిరి కాదు.

కమోడు పూడితే రెండోసారి ఫ్లష్ నొక్కకండి, గదంతా పొర్లుతుంది. నీటి మట్టం దిగేదాకా ఆగి, కింద మడత ఉన్న ప్లంజరుతో తోయండి. అది లేకపోతే నడుము ఎత్తు నుంచి బకెట్టు నీళ్ళు ఒక్క ఊపున పోస్తే మామూలు పూడిక కదులుతుంది. ప్యాడ్లు, తుడుచుకునే తడి వైప్స్, డయపర్లు ఇరుక్కుంటే ఇవేవీ పనిచేయవు, కమోడు విప్పి తీయించాల్సిందే.

డ్రెయిన్ క్లీనర్ గుళికలు కాస్టిక్ సోడా. నీళ్ళు తగలగానే బాగా వేడెక్కుతాయి. నిలిచిన నీళ్ళు తోడేసి, కిటికీ తీసి, గ్లౌజులు వేసుకుని, పాకెట్ మీద రాసినంతే వేయండి, రాసినంతసేపే ఉంచండి. వేశాక ప్లంజరు కొట్టొద్దు, కళ్ళలోకి చిందుతుంది. పనిచేయకపోతే ప్లంబరుకు ఆ సంగతి ముందే చెప్పండి, అతను చేయి పెట్టేది అందులోనే. ఒక మందు వేసిన చోట ఇంకోటి వేయొద్దు. వానల తర్వాత బ్లీచింగ్ పౌడరు చల్లిన బాత్రూములో యాసిడ్ పోస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, చిన్న గదిలో అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది.

మెయిన్ లైను, సెప్టిక్ ట్యాంకు దాకా వెళితే మీ చేతి పని అయిపోయినట్టే. వాన రోజుల్లో ఛాంబరు పొంగుతుంటే మేడ మీది వాన నీటి పైపును ఎవరైనా ఆ ఛాంబరులోకి కలిపారేమో చూడండి, అది విడదీసి వాన కాలువకు వదలాలి. సెప్టిక్ ట్యాంకుకు సక్షన్ లారీనే పిలవండి. ఏ కూలీనీ లోపలికి దిగమని అడగొద్దు, అతను దిగుతానన్నా ఒప్పుకోవద్దు. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దింపడం నేరం. లోపలి హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువగా ఉంటే ముక్కు దాని వాసననే పట్టలేదు. రెండు మూడు శ్వాసల్లో స్పృహ పోతుంది. అతణ్ణి లాగబోయి దిగినవాళ్ళూ అలాగే పోతారు. మూత తెరిచి ఉన్నంతసేపు పిల్లల్ని దూరంగా ఉంచండి, దగ్గర్లో అగ్గిపుల్ల గీయకండి.